ఇరుసు వెడల్పు – బండి బలము

నల్లరేగడి నేలలో వానకాలమున బండి నడిచిన దారిని ఎండకాలమున చూడవలెను. తడిసిన మట్టిలో చక్రములు కోసిన రెండు గాడులు ఎండి, రాయివలె గట్టిపడి, ఒకదానికొకటి ఎడము తప్పక దారి పొడుగునా సాగిపోవుచుండును. మెదకు జిల్లా పడమటి కొసన ఉన్న రేగోడ్ పరిసరములలో తారు రోడ్లు పడకముందు దారి అనగా ఈ రెండు గాడులే. ఎడ్లకు అలవాటు, బండివానికి ధీమా, రాత్రివేళ లాంతరు లేకున్నను ఇల్లు చేర్చు నేస్తములు. ఒకని బ్రదుకు కుదుటపడినచో ‘గాడిలో పడినది’ అనియు, చెడినచో ‘గాడి తప్పినది’ అనియు మనము చెప్పుకొను మాటలు ఇట్టి బండి దారులనుండి పుట్టిన మాటలవలెనే తోచును.

ఈ గాడులలో ఒక విశేషము కలదు. ఒక ఊరి బండి పొరుగూరి గాడిలో ఇమడవలెనన్నచో రెండు ఊళ్ళ బండ్లకును చక్రముల నడిమి దూరము ఒక్కటిగా ఉండవలెను. కొంచెము వెడల్పు పెరిగినచో ఒక చక్రము గాడిలోను, రెండవ చక్రము గట్టుపైనను నడచి, బండి ఒరిగి, ఇరుసు మెలిపడును. కనుకనే ఒక ప్రాంతపు వడ్రంగులు ఏ శాసనమును లేకయే ఒకే కొలతకు కట్టుబడి ఉండిరి. చీనాదేశమున ఈ పనిని చక్రవర్తియే చేయవలసి వచ్చినది. క్రీస్తుపూర్వము 221లో ఆ దేశమునంతటిని ఏకము చేసిన చిన్ షి హువాంగ్, తూనికలు, కొలతలు, లిపి వీనితో పాటు బండి ఇరుసుల పొడవును గూడ ఏకరీతిగా ఉండునట్లు కట్టడి చేసెను. ఇటలీలో అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయి బయటపడిన పాంపే నగరపు రాతి వీథులలో నాటి బండ్ల చక్రములు అరగదీసిన గాడులు నేటికిని కనబడుచున్నవి. చక్రముల నడిమి దూరము ఒక్క బండివాని ఇష్టాయిష్టములకు సంబంధించిన విషయము కాదనియు, దారితోను, తోటివారి క్షేమముతోను ముడివడిన విషయమనియు మానవుడు బహుకాలము క్రిందటనే గ్రహించినాడు.

మన వడ్రంగికి ఇంకొక సంగతి గూడ తెలియును. బండి చక్రమున నడిమి బొడ్డు, దానిలో దిగిన ఆకులు, వాని చుట్టును వంపు చెక్కలు, ఆపైన కమ్మరి ఎర్రగా కాల్చి తొడిగి నీళ్ళు పోసి బిగించిన ఇనుప పట్టా – ఇవన్నియు ఒకదాని బలము నొకటి కొలిచి చేసినవి. ‘ఇంకొక నాలుగు బస్తాలు పట్టునట్లు బండిని వెడల్పు చేయుము’ అని రైతు అడిగినచో, మంచి వడ్రంగి ఇరుసును మాత్రము పొడిగించి ఊరకుండడు. పొడుగైన ఇరుసు మరింత లావు ఉండవలెను. లావైన ఇరుసుకు బొడ్డులో రంధ్రము పెరగవలెను. రంధ్రము పెరిగిన బొడ్డు తానును పెద్దది కావలెను. కడచీల సయితము మందమగును. చివరకు బండి బరువెక్కి, ఎడ్లను గూడ మార్చవలసి వచ్చును. ఒక్క కొలత మార్చిన బండి అంతయు మారవలె నను ఈ న్యాయమే నేటి మా ప్రసంగమునకు మూలము.

ఇప్పుడు ఎడ్లబండ్లు అరుదైనవి. ఆ ప్రశ్న మాత్రము పోలేదు. లారీ ఎక్కి తిరిగి వచ్చినది. ఎండుగడ్డి, పత్తి మూటలు, చెరకు వంటివి తూకమునకు మించి ఎత్తుకు పెరుగు సరకులు. వానిని ఎత్తుగా పేర్చిన లారీ మలుపున ఒరుగును. ఆ భయము చేత చక్రములను వెలుపలికి జరిపి బండిని వెడల్పు చేసినచో మేలు కదా అను ఆలోచన ఎవరికైనను పుట్టును. ఆలోచన సహజమే. కాని చక్రమును జరిపినవాడు ఇరుసును, కమాను పట్టీలను, స్టీరింగును ఏమి చేయవలెనో ఎరుగకున్నచో ఆ లారీలోని డ్రైవరు ప్రాణము, మూటలపై కూర్చుండి వచ్చు కూలీల ప్రాణము, ఎదుట వచ్చు బస్సులోని వారి ప్రాణము గూడ ఒక బోల్టు మీద ఆధారపడి ఉండును.

విషయమును గ్రహించుటకు ఈ భాగములు పుట్టిన కథ కొంత తెలియవలెను. మన పాత బండికి స్ప్రింగులు లేవు. గతుకు ఎంతటిదో కుదుపును అంతటిది. ఇంగ్లండులో ఓబదయా ఇలియట్ అను బండ్ల నిర్మాత 1804లో, ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి, విల్లువలె వంచి, బండిని వానిపై నిలుపు పద్ధతికి హక్కు పత్రము పొందెను. మన మెకానిక్కులు ఈ పట్టీలను ‘కమాను’ లందురు. పారశీకమున కమాను అనగా విల్లు. పేరులోనే స్వభావము దాగియున్నది. వంగి, వంపులో దెబ్బను దాచుకొని, మెల్లగా విడుచుట దాని పని.

స్టీరింగు కథ అంతకంటె చిత్రమైనది. రెండు చక్రముల బండిని ఎడ్లే త్రిప్పును. నాలుగు చక్రముల బండిలో ముందు ఇరుసు అంతయు నడిమి మేకు చుట్టును తిరుగుట పూర్వపు పద్ధతి. ఇరుసు అడ్డముగా తిరిగినపుడు బండికి ఆధారము సన్నగిల్లి అది బోల్తాపడుట సులభము. మ్యూనిచ్ నగరపు బండ్ల నిర్మాత గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ దీనికి ఉపాయము కనుగొనెను. ఇరుసు కదలక నిలుచును. దాని రెండు కొసలయందు మాత్రము చక్రములు వేరువేరు మేకులపై తిరుగును. అతని తరఫున రుడాల్ఫ్ ఆకర్‌మన్ 1818లో లండనులో దీనికి హక్కు పత్రము తీసికొనగా, కనిపెట్టినవాని పేరు మరుగునపడి, పత్రము పొందినవాని పేరే నిలిచినది. మలుపులో లోపలి చక్రము చిన్న వలయమున, వెలుపలి చక్రము పెద్ద వలయమున తిరుగును గనుక లోపలిది ఎక్కువగా తిరుగవలెను. రెండింటిని కలుపు అడ్డ కడ్డీని, దానిని పట్టు చేతులను తగిన కోణమున వంచినచో ఇది సాధ్యమగును. ఆ కోణము మేకుల నడిమి దూరమును, ముందు వెనుక ఇరుసుల నడిమి దూరమును బట్టి నిర్ణయమగునని శ్రోతలు గుర్తుంచుకొన ప్రార్థన. ఆ మేకునే నేడు కింగ్‌పిన్ అనియు, ఆ కడ్డీని టై రాడ్ అనియు అందుము.

జర్మనీలో డైమ్లర్ 1896లో మొదటి మోటారు లారీని నిర్మించినపుడు పై రెండు విద్యలును సిద్ధముగా ఉండెను. మన ప్రాంతమునకు మోటారు రవాణా ఒక పద్ధతిగా వచ్చినది 1932లో. ఆ సంవత్సరము జూన్ నెలలో నిజాం రాష్ట్ర రైల్వే వారు రోడ్డు రవాణా శాఖను నెలకొల్పి, 27 బస్సులతోను, 166 మంది సిబ్బందితోను నడుపసాగిరి. స్కాట్లండు నుండి తెప్పించిన ఆల్బియన్ బండ్లు ఆ తొలినాటివి. ఆ శాఖ 1951 నవంబరు 1న హైదరాబాదు ప్రభుత్వము క్రిందికి వచ్చి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా రూపొందినది. 1942లో హైదరాబాదున వెలసిన ఆల్విన్ కర్మాగారము బస్సులకు దేహములు కట్టుటలో పేరు పొందినది. 1954లో టాటా వారు జర్మనీ మెర్సిడెస్ బెంజ్ సహకారముతో జంషెడ్‌పూరులోను, 1955 నుండి అశోక్ లేలండ్ వారు మద్రాసు చెంత ఎన్నూరులోను లారీ నిర్మాణమునకు పూనుకొనిరి. 1980 తరువాతి దశకమున ఆ ఆల్విన్ సంస్థయే జపాను నిస్సాన్ వారితో కలిసి, నాటి మెదకు జిల్లాలోని జహీరాబాదున తేలికపాటి లారీల కర్మాగారమును స్థాపించినది. పిదప అది మహీంద్రా వారి చేతికి వచ్చినది. 2016లో జిల్లాల విభజన జరిగి జహీరాబాదు సంగారెడ్డి జిల్లాలోనికి పోయినను, రేగోడ్ మెదకు జిల్లాలోనే నిలిచినది. లారీ పుట్టుక ఈ సీమకు దూరపు సంగతి కాదని చెప్పుటకే ఇదంతయు.

ఈ చరిత్రలో ఒక ముఖ్యమైన వాడుకను గమనింపవలెను. మన దేశమున లారీలు చాలవరకు ఛాసిస్‌గా మాత్రమే కర్మాగారమునుండి వెలువడినవి. పైదేహమును స్థానికులైన వడ్రంగులు, కమ్మరులు, వెల్డింగు పనివారు కట్టిరి. బండి సగము కర్మాగారపు బిడ్డ, సగము వీథిలోని షెడ్డు బిడ్డ. దీనివలన మన పనివారిలో గొప్ప నేర్పు పెంపొందినది. దానితో పాటు, పైదేహము వలెనే క్రింది భాగమును గూడ మన ఇష్టము వచ్చినట్లు మార్చవచ్చునను భ్రమయు పెరిగినది. పైన చెక్క పలక ఊడినచో బస్తా జారిపడును. క్రింద టై రాడ్ ఊడినచో మనుష్యులే పడిపోవుదురు.

ఇక అసలు విషయము. చక్రముల ఎడమును పెంచుటకు రెండు మార్గములు కలవు. మొదటిది, ఇరుసును ముట్టక, హబ్బుకును చక్రమునకును నడుమ ఇనుప దిమ్మ బిగించుట, లేక లోతు మారిన రిమ్మును తొడుగుట. రెండవది, ఇరుసునే పొడుగైన దానితో మార్చుట. మొదటిది చవుక, సులువు. రెండవది ఖర్చు, శ్రమ. అందుచేత మొదటిదే తరచు జరుగును.

మొదటి మార్గమున ఏమగునో లెక్క చూతము. 2018లో కేంద్ర ప్రభుత్వము రెండు టైర్లు గల ఇరుసుపై అనుమతించు బరువును 6 టన్నులనుండి 7 టన్నులకు పెంచినది. అనగా ముందు చక్ర మొక్కొక్కటి 3500 కిలోలు మోయవచ్చును. చక్రమును 5 సెంటీమీటర్లు వెలుపలికి జరిపితిమనుకొనుడు. అప్పుడు హబ్బు బేరింగులను, ఇరుసు కొసను వంచు శక్తి కొత్తగా ఎంత చేరును? ఒక మీటరు పొడవుగల కడ్డీ కొసన 175 కిలోలు వ్రేలాడదీసినంత. ఇది బండి నిలిచియున్నప్పటి సంగతి. గతుకులో పడినపుడు ఇది ఇంకను హెచ్చును. చక్రమును పట్టియుంచు బోల్టులు, ఇంతకు మునుపు చక్రమును హబ్బునకు అదుముకొని యుండుట మాత్రమే ఎరిగినవి, ఇపుడు దిమ్మను దాటి పొడుగై వంపును గూడ భరింపవలసి వచ్చును.

స్టీరింగునకు కలుగు కష్టము వేరు. కింగ్‌పిన్ గీతను నేలవరకు పొడిగించినచో అది టైరు నడిమి నుండి కొంచెము లోపలగా తాకును. ఆ కొద్ది దూరము ఒక గొడ్డలి పిడివంటిది. అది 5 సెంటీమీటర్లు ఉండగా మరి 5 చేర్చినచో పిడి రెండింతలగును. ఒక చక్రము రాతికి తగిలినపుడు కింగ్‌పిన్‌ను మెలిపెట్టు శక్తియు రెండింతలగును. అది టై రాడ్‌కు, దాని కొసల కీళ్ళకు, స్టీరింగు పెట్టెకు ప్రాకి, తుదకు డ్రైవరు చేతులను చేరును. డ్రైవరు ‘స్టీరింగు గుంజుచున్నది’ అని చెప్పినపుడు, అతడు చెప్పునది అలవాటు లేని మాట కాదు, ఈ పిడి సంగతియే. కీళ్ళు త్వరగా అరుగును. అరిగిన కీలులో ఆట పెరుగును. ఆట పెరిగిన స్టీరింగు దెబ్బను ఇంకను పెంచును.

రెండవ మార్గము మేలైనది, కాని దానికిని షరతులు కలవు. చక్రముల ఎడము 180 సెంటీమీటర్లు, కమానుల ఎడము 90 సెంటీమీటర్లు అనుకొందము. కమానునుండి చక్రమువరకు ఇరుసు 45 సెంటీమీటర్లు బయటికి చాచియుండును. చక్రముల ఎడమును 200 చేసినచో ఆ చాపు 55 అగును. అదే బరువుకు ఇరుసును వంచు శక్తి నూటికి 22 వంతులు పెరిగినట్లు. పాత బలము నిలువవలెనన్నచో ఇరుసు దూలము ఎత్తును పదవ వంతుకంటె కొంచెము ఎక్కువగా పెంచవలెను. దూలము బలము ఎత్తు వర్గముతో పెరుగును గనుక ఇంతమాత్రము చాలును. ఇదే ఆనాటి వడ్రంగి మాట: పొడుగైన ఇరుసు లావు ఉండవలెను. ఇదిగాక మేకుల నడిమి దూరము మారినది గనుక టై రాడ్ పొడుగు కావలెను, చేతుల కోణము మారవలెను. లేనిచో మలుపున రెండు చక్రములు రెండు దారులు పట్టి, టైర్లు రంపపు పళ్ళవలె అరిగిపోవును.

కమాను పట్టీల గతి యేమి? పై కొలతలలోనే, ఒక చక్రము క్రింద గతుకు 100 కిలోల అదనపు తాకిడి నిచ్చినదనుకొనుడు. తులాదండ న్యాయమున దగ్గరి కమానుపై 150 కిలోలు చేరి, అవతలి కమానుపై 50 కిలోలు తగ్గును. ఎడమును 200 చేసినచో ఆ లెక్క 161, 61 అగును. కనుక దగ్గరి పట్టీలకు, వానిని ఇరుసునకు బిగించు యు-బోల్టులకు, ఛాసిస్‌కు తగిలించు కొక్కెములకు భారము హెచ్చును. పట్టీ ఒకటి చేర్చుటయో, వీలైనచో కమానుల పీఠములనే వెలుపలికి జరుపుటయో చేయవలెను. రెండవది చేసినచో వేరొక లాభము కూడ కలదు. చక్రములు వెడల్పైనంత మాత్రమున కమానులపై దేహము ఊగుట తగ్గునని చాలమంది నమ్మకము. గట్టి ఇరుసుగల లారీలో అది నిజము కాదు. ఊగుటను అదుపు చేయునది చక్రముల ఎడము కాదు, కమానుల ఎడము.

మరి వెడల్పువలన బోల్తాపడుట తగ్గదా? తగ్గును. నిలకడకు కొలత, చక్రముల ఎడములో సగమును బరువు కేంద్రపు ఎత్తుతో భాగించిన ఫలము. ఎడము 180, ఎత్తు 150 సెంటీమీటర్లైనచో అది 0.60. ఎడము 200 అయినచో 0.67 దాక పెరుగును. కాని, వెడల్పైనది గదా అని మరి రెండు వరుసలు మూటలు పేర్చగా బరువు కేంద్రము 170 సెంటీమీటర్లకు ఎక్కెనా, ఫలము 0.59కి దిగును. ఖర్చుపెట్టి తెచ్చుకొన్న క్షేమము రెండు వరుసల మూటలతో పోయి, మునుపటి కంటెను ఒక పిసరు తక్కువే మిగులును. ఇరుసును పెంచినవాడు ఆశను పెంచరాదు. ఈ విషయమున మేము చెప్పవలసిన మాటలలో ఇది ముఖ్యమైనది.

ఇట్టి మార్పును సక్రమముగా చేయుట ఎట్లో మన పొలములలోనే చూడవచ్చును. పత్తి, కంది వంటి పంటల వరుసల కనుగుణముగా ట్రాక్టరు చక్రముల ఎడమును మార్చుట రైతులకు క్రొత్త కాదు. పెక్కు ట్రాక్టర్ల ముందు ఇరుసు గొట్టములో గొట్టముగా అమర్చబడి, రంధ్రములు కలిగియుండును. ఇరుసును ఎన్ని రంధ్రములు జరిపినచో టై రాడ్‌ను గూడ దానికి తగినట్లు జరుపుదురు. ఇరుసు, కింగ్‌పిన్, కడ్డీ మొదటి నుండియు గరిష్ఠపు వెడల్పునకు లెక్కించి చేయబడినవి. అమెరికాలో 1959లో పాంటియాక్ వారు తమ కార్ల చక్రములను కొన్ని అంగుళములు ఎడము చేసి, ఆ వెడల్పునే చాటింపు వేసి అమ్ముకొనిరి. అదియు కర్మాగారములో, క్రొత్త నమూనాలో భాగముగా జరిగినది గాని, అమ్మిన బండికి వీథిలో దిమ్మలు బిగించుట వలన కాదు.

మన చట్టమును ఈ జాగ్రత్తనే కోరుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షనులో, నిర్మాత నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదని చెప్పుచున్నది. లారీ మొత్తము వెడల్పు 2.6 మీటర్లు మించరాదను నియమమును కలదు. వీనిని పోలీసువారి బాధగా తలంచువారు కలరు. పూర్వము గాడి చేసిన పనినే నేడు చట్టము చేయుచున్నదని గ్రహించినచో ఆ విసుగు తగ్గును. గాడికి సరిపడని బండిని దారియే నిరాకరించెడిది. తారు రోడ్డునకు ఆ గుణము లేదు. అది ఎట్టి ఇరుసునైనను రానిచ్చును, తరువాత ఏదో ఒక మలుపున లెక్క అడుగును.

కావున లారీ యజమానులకు మా మనవి. బరువునకు వెడల్పైన బండి కావలసినచో వెడల్పునకే పుట్టిన బండిని కొనుడు. మునుపే మార్చిన బండి చేతికి వచ్చినచో, వాహన శాఖ అధికారికి చూపి, నిర్మాత కొలతలకు మరల తెచ్చుడు. అంతవరకు కింగ్‌పిన్‌లో ఆటను, టై రాడ్ కొసలను, హబ్బు వేడిని, యు-బోల్టుల బిగువును, కమాను పట్టీలలో సన్నని చీలికలను ప్రయాణమునకు ముందు చూచుకొనుడు. మూటల ఎత్తు తగ్గించుడు. మూటలపై మనుష్యులను ఎక్కింపకుడు. డ్రైవరు ‘స్టీరింగు గుంజుచున్నది’ అన్ననాడు ఆ బండిని షెడ్డులో నిలుపుడు, రోడ్డుపైన కాదు.

రేగోడ్ రేగడిలో పాత గాడులు చాలవరకు దుక్కిలో కలిసిపోయినవి. వానిని కొలిచి బండి చేసిన వడ్రంగి కొలకర్ర మాత్రము వ్యర్థము కాలేదు. ఇరుసు పెంచుమని వచ్చినవానిని ఆ వడ్రంగి మొదట అడిగెడి ప్రశ్న ‘ఎంత వెడల్పు కావలెను?’ అని కాదు, ‘ఎంత బరువు వేయుదువు?’ అని. నేటి లారీవానిని గూడ అడుగవలసిన ప్రశ్న అదియే.